ట్రాక్టరు డిఫరెన్షియలు: అరుగుదలయు, సవరణయు



నేను బడిలో ముప్పదినాలుగు సంవత్సరములు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్న పండితుడను. సంధులు, సమాసములు చెప్పుకొనవలసినవాడు ట్రాక్టరును గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని నేడు మన పల్లెలలో ఎద్దుల జతలు తగ్గినవి. దుక్కియు, దమ్మును, ధాన్యపు తోలకమును చాలవరకు ట్రాక్టరుమీదనే సాగుచున్నవి. అది చెడినప్పుడు మరమ్మతునకు సొమ్ము లెక్కపెట్టి యిచ్చువారు ఇంటి పెద్దలు. ఆ సొమ్ము దేనికి పోవుచున్నదో తెలియక యిచ్చువారును తరచుగా వారే. మా అక్కగారి కుమారుడు ట్రాక్టరు మెకానిక్కు. నేను విశ్రాంతి గొన్న నాటినుండి సాయంకాలములందు అతని షెడ్డులో కూర్చుండి, చూచియు, అడిగియు తెలిసికొన్న సంగతులలో ఒకదానిని నేడు మీకు మనవి చేయుదును. వెనుక ఇరుసు నడుమ నుండెడి డిఫరెన్షియలు అరిగినప్పుడు దానిని విప్పి, చెడిన భాగములు మార్చి, పలుచని ఉక్కు రేకులతో తిరిగి అమర్చు పద్ధతియే ఆ సంగతి. ఆ రేకులను మెకానిక్కులు షిమ్ములందురు.

మొదట ఈ యంత్రభాగము చేయు పని యేమో తెలియవలెను. కళ్ళమునందు గుంజకు వరుసగా ఎద్దులను కట్టి నూర్పిడి చేయించుట మీలో చాలమంది చూచియుందురు. గుంజను ఆనుకొనియున్న ఎద్దు మెల్లగా అడుగులు వేయును. వరుస చివరనున్న ఎద్దు వడివడిగా నడువవలెను. అందుచేతనే ముసలి ఎద్దును గుంజదగ్గరను, వయసు ఎద్దును చివరను కట్టుదురు. ట్రాక్టరు చాలు చివర మలుపు తిరుగునప్పుడు దాని వెనుక చక్రములకు కలుగునదియు ఇదియే. రెండు చక్రముల నడుమ ఎడము 1.3 మీటర్లు అనుకొందము. ట్రాక్టరు అరచుట్టు తిరిగి ఎదురు చాలు పట్టునప్పటికి, వెలుపలి చక్రము లోపలిదానికన్న సుమారు 4 మీటర్లు ఎక్కువ దూరము పోవలెను. మలుపు పెద్దదైనను, చిన్నదైనను ఈ వ్యత్యాసము మారదు. 1.3 మీటర్ల వ్యాసముగల చక్రమునకు 4 మీటర్లనగా ఇంచుమించు ఒక పూర్తి చుట్టు. కావున ప్రతి చాలు చివరను ఒక చక్రము రెండవదానికన్న ఒక చుట్టు అధికముగా తిరిగి తీరవలెను.

ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రములు ఇరుసుపై దేనికదియే తిరుగును, లాగునవి ఎద్దులు. ట్రాక్టరులో చక్రములే లాగవలెను గనుక ఇంజను బలము రెంటికిని అందవలెను. అట్లు అందుచుండగనే రెండును వేరువేరు వేగములతో తిరుగ గలుగవలెను. డిఫరెన్షియలు ఈ రెండు పనులను కాడివలె చేయును. కాడి తన నడిమి కట్టుపై ముందువెనుకలకు ఊగును. ఒక ఎద్దు కొంచెము ముందునకు సాగినను, రెండవది కొంచెము వెనుకబడినను, ఇరుప్రక్కల లాగుడు సమముగానే యుండును. ఇందలి లోపమును కాడి లోపము వంటిదే. ఒక ఎద్దు బొత్తిగా లాగుట మానినచో రెండవదాని బలము బండికి అందదు. ట్రాక్టరు చక్రమొకటి బురదలో జారి గిరగిర తిరుగుచుండగా, గట్టినేల మీది చక్రము కదలక నిలుచుట మీరెరిగినదే. అట్టి సమయమున రెంటిని ఒకటిగా బిగించుటకే డిఫరెన్షియల్ లాకు అను పెడలును అమర్చినారు.

ఇక దాని భాగములు. గేరుపెట్టె నుండి వచ్చు కడ్డీ చివర ఒక చిన్న పండ్లచక్రము కలదు. దానిని పినియను అందురు. అది తనకు అడ్డముగా నున్న పెద్ద పండ్లచక్రమును త్రిప్పును. ఆ పెద్దదానిని క్రౌను అందురు. క్రౌను ఒక ఉక్కు గూటికి బోల్టులతో బిగింపబడియుండును. ఆ గూటిలోపల, సాధారణముగా శిలువ ఆకారముగల ఒక కడ్డీపై నాలుగు చిన్న పండ్లచక్రములుండును. ఆ శిలువ కడ్డీని స్పైడరు అందురు. ఈ నాలుగింటికి కుడియెడమల రెండు చక్రములుండి, వానినుండి రెండు ఇరుసులు చక్రములవైపునకు పోవును. ట్రాక్టరు తిన్నగా పోవునంతసేపు నాలుగు చిన్న చక్రములు స్పైడరుపై తిరుగక, గూటితోపాటు పోవుచుండును. మలుపులోను, ఒక చక్రము జారినప్పుడును మాత్రమే అవి తమ చుట్టు తాము తిరుగును. వాని వీపులవద్ద రాపిడి నోర్చుటకు పలుచని బిళ్ళలుండును. గూడు మొత్తము ఇరువైపుల రెండు టేపరు రోలరు బేరింగులపై నిలిచియుండును. పినియను కడ్డీకిని అట్టి బేరింగులే ఆధారము.

ఈ యేర్పాటు క్రొత్తది కాదు. ఫ్రాన్సుదేశీయుడైన ఓనెసిఫోర్ పెక్యూర్ అను యంత్రశిల్పి 1828లో ఆవిరిబండి కొరకు దీనికి హక్కుపత్రము పొందెను. టేపరు రోలరు బేరింగునకు అమెరికాలో హెన్రీ టిమ్కెన్ అను నాతడు 1898లో హక్కుపత్రము పొందెను. ఆయన గుర్రపుబండ్లు తయారుచేయు వృత్తిలోనివాడు. మన దేశమున ట్రాక్టరు తయారగుట 1959లో ఫరీదాబాదునందు ఐషర్ సంస్థతో మొదలైనది. 1960లో మద్రాసునందు టాఫే సంస్థ ఏర్పడినది. గుర్రపుబండికి పనికివచ్చిన తెలివి మన వరిమళ్ళ వరకు ఇట్లు నడచి వచ్చినది.

వరిమడిలోనే డిఫరెన్షియలునకు ఎక్కువ శ్రమ. దమ్ము చేయునప్పుడు ఇనుప చక్రములు తగిలించి మోకాలిలోతు బురదలో త్రిప్పుదుము. గట్టు దగ్గర ఒకవైపు బ్రేకు తొక్కి ఉన్నచోటనే మలుపుదుము. అప్పుడు లోపలి చక్రము నిలిచిపోవును. వెలుపలి చక్రము మామూలుకన్న రెట్టింపు వేగముతో తిరుగును. బరువు క్రిందనే స్పైడరు మీది చిన్న చక్రములు వేగముగా తిరిగి తమ బిళ్ళలను రాయును. ఒక చక్రము బురదలో జారునప్పుడును ఇదియే జరుగును. దీనికి తోడు ఇరుసు చివరలనున్న సీలులు పాతబడినచో బురదనీరు లోపలికి దిగును. నూనెలో నీరు కలిసినప్పుడు బేరింగుల నున్నని ముఖములపై త్రుప్పుపట్టి, చిన్న చిన్న గుంటలు పడును. చాల ట్రాక్టర్లలో ఈ నూనెయే హైడ్రాలిక్ లిఫ్టునకును పని చేయును. కావున ఇచ్చట రాలిన ఉక్కుపొడి అచ్చటి పంపును కూడ పాడుచేయును. ఒకచోటి అశ్రద్ధకు రెండుచోట్ల ఖర్చు పెట్టుకొనవలసివచ్చును.

అరుగుదలకు గుర్తులేమనగా: క్లచ్చి విడిచినప్పుడును, ముందు గేరునుండి వెనుక గేరునకు మార్చినప్పుడును వెనుక ఇరుసులో ఠంగుమని శబ్దము వచ్చును. ట్రాలీ లాగునప్పుడు సన్నని ఈల వంటి మ్రోత వినిపించి, వేగముతోపాటు దాని స్థాయి మారును. మలుపులో మాత్రమే కటకట ధ్వని వచ్చినచో గూటిలోని చిన్న చక్రములను అనుమానింపవలెను. క్రింది బిరడా విప్పినప్పుడు నూనె పాలవలె తెల్లనై యున్నచో నీరు చేరినట్లు. బిరడాకు అయస్కాంతము ఉండినచో దానికంటిన పొడిని వ్రేళ్ళనడుమ నలిపి చూడవలెను. మెత్తని నల్లని పొడి సహజమైన అరుగుదల. సూదులవలె గ్రుచ్చుకొను ముక్కలున్నచో ఇక ట్రాక్టరును పనికి త్రిప్పరాదు.

రెండేండ్ల క్రిందట జ్యేష్ఠమాసమున మా మేనల్లుని షెడ్డుకు ఒక కౌలురైతు తన ట్రాక్టరును తెచ్చెను. అది అప్పుచేసి కొన్న పాత ట్రాక్టరు. తొలకరి పదునైదు దినములలో నున్నది. అతడంతకుముందు పట్టణములో నొక షెడ్డునకు పోయియుండెను. అచ్చటివారు వెనుక చక్రమును చేతితో అటునిటు కదలించి, పండ్లనడుమ సందు పెరిగినదనియు, క్రౌను ప్రక్కన రెండు షిమ్ములు ఎక్కువ వేసి పినియనువైపునకు నెట్టినచో సందు పోవుననియు, ఒక పూటలో పని ముగియుననియు చెప్పిరట. “షిమ్ములు వేసి బిగించినచో సరిపోదా, అబ్బాయీ? బేరింగులకు, సామానులకు సొమ్మెక్కడిది?” అని రైతు అడిగెను. మా మేనల్లుడు, “బాబాయిగారూ, ముందు విప్పి కొలిచి చూతము. షిమ్ము వేయవలసినచోట షిమ్మే వేయుదును. అరిగినదేదో చూడక వేసినచో నాట్లనడుమ పండ్లు విరుగును. అప్పుడు ట్రాక్టరునకు ట్రాక్టరే పోవును” అని చెప్పెను.

ఈ మాటలో నాకు వ్యాకరణము కనబడినది. మన వ్యాకరణమున ఆగమమనియు, ఆదేశమనియు రెండు కలవు. మా అను మాటకు అమ్మ అను మాట కలియునప్పుడు నడుమ యకారము వచ్చి మాయమ్మ అగును. ఆ యకారమునకు తనదైన అర్థమేమియు లేదు. రెండు అచ్చుల నడుమ నిలిచి, దేనిని తన స్థానమునుండి కదలనీయదు. ఇది ఆగమము. ఉన్న అక్షరమును తొలగించి దాని చోట కూర్చుండునది ఆదేశము. అందుకే వైయాకరణులు ఆగమమును మిత్రునితోను, ఆదేశమును శత్రువుతోను పోల్చుదురు. షిమ్ము ఆగమము వంటిది. అది భాగముల స్థానమును సరిచేయును; అరిగిపోయిన ఉక్కును తిరిగి పుట్టింపజాలదు. అరిగిన భాగమునకు క్రొత్త భాగము ఆదేశముగా రావలసినదే. ఆదేశము రావలసినచోట ఆగమముతో సరిపుచ్చుటవలననే పెక్కు మరమ్మతులు చెడుచున్నవి. నేడు మీరు గుర్తుంచుకొనవలసినది ఇంతమాత్రమే. తక్కిన పద్ధతి యంతయు దీనినుండి వచ్చినదే.

ఇక పని జరిగిన క్రమము చెప్పెదను. 35 గుర్రముల శక్తిగల ట్రాక్టరు బరువు సుమారు 17, 18 క్వింటాళ్ళు. దాని ముందు ఇరుసు నడిమి చీలపై ఊగునట్టిది. కావున వెనుక భాగము విప్పకముందే ముందు ఇరుసునకు పైన ఇరుప్రక్కల కొయ్య చీలికలు బిగించి, యంత్రము ప్రక్కకు ఒరగకుండ చేయవలెను. గేరుపెట్టె క్రింద గట్టి ఇనుప స్టాండ్లు నిలుపవలెను. జాకీమీద మాత్రమే నిలిపిన ట్రాక్టరు క్రింద మనిషి దూరరాదు. తరువాత నూనె దింపి, చక్రము ఊడదీసి, ఇరుసు గొట్టమును వెలికి తీసిరి.

గూటిని బయటికి తీయకముందే కొలతలు తీయుట ఇందు ముఖ్యము. చక్రమువద్ద చేతికి తెలియు వదులు ఒక్కచోటిది కాదు. అది మూడు పద్దుల మొత్తము. పినియను తన బేరింగులలో ముందువెనుకలకు కదలుచున్నదా అనునది మొదటిది. పినియనును కదలనీయక క్రౌనును మాత్రము ఊపినప్పుడు పండ్లనడుమ కనబడు సందు రెండవది. క్రౌనును కదలనీయక ఒక ఇరుసును పట్టి, రెండవ ఇరుసును ఊపినప్పుడు గూటిలోపల తెలియు వదులు మూడవది. పట్టణపు షెడ్డులో మొత్తమును చూచి ఒకే పద్దు క్రింద వ్రాసిరి. మా మేనల్లుడు మూడింటిని వేరువేరుగా డయలుగేజితో చూచి, గోడమీది పలకపై వ్రాసెను. పినియను గట్టిగానే యున్నది. క్రౌను పండ్ల సందు మిల్లీమీటరులో సగమున్నది. గూటిలోపలి వదులు మిక్కిలి ఎక్కువగా నున్నది.

అటుపిమ్మట గూటిని తీసి కిరసనాయిలుతో కడిగిరి. ఏ ప్రక్కనుండి ఎన్ని షిమ్ములు వచ్చినవో, ఒక్కొక్కటి ఎంత మందమో మైక్రోమీటరుతో కొలిచి, కుడివి కుడిగాను, ఎడమవి ఎడమగాను తీగకు గ్రుచ్చి చీటి కట్టిరి. ఈ పాత షిమ్ములు విలువైన సాక్ష్యములు. కర్మాగారములో ఆ గూడు, ఆ క్రౌను ఏ స్థానమున నిలిచినవో చెప్పగలవి అవియే. వానిని చెత్తలో పారవేసినవానికి తిరిగి ఆ స్థానమును వెదకుకొనుటకు దినములు పట్టును. బేరింగులను పట్టు టోపీలు కూడ ప్రక్కలు తారుమారు కాకుండ గుర్తుపెట్టవలెను. అవి బిగించిన స్థితిలోనే తొలువబడినవి గనుక ఒకవైపుది రెండవవైపున సరిగా కుదురదు.

పరిశీలించి చూడగా గూటి బేరింగులు రెండింటికిని నీటివలన గుంటలు పడియున్నవి. స్పైడరు చేతులపై గోరునకు తగులునంత గాడి పడినది. రాపిడి బిళ్ళలు కాగితమువలె పలుచబడినవి. క్రౌను, పినియనుల పండ్లు మాత్రము నున్నగా, గుంటలు బీటలు లేక, ఒకే వెడల్పుగల మెరుపు గుర్తుతో నుండెను. ఇక తీర్పు స్పష్టము. బేరింగులు, స్పైడరు, దాని నాలుగు చక్రములు, బిళ్ళలు, సీలులు క్రొత్తవి వేయవలెను. క్రౌను, పినియనులను మార్చనక్కరలేదు. ఖరీదు విషయమున ఆ జతయే పెద్దది. అది మిగిలినందున రైతు మనసు కుదుటపడెను. ఒకవేళ ఆ పండ్లు గుంటలు పడియుండినచో రెండును కలిపియే మార్చవలసియుండెడిది. ఏలయన అవి కర్మాగారమున జతగా ఒరయించి, ఒకే అంకె చెక్కి పంపబడునవి. ఒకదాని జోడు వేరొకదానికి పొసగదు.

బేరింగు మార్చునప్పుడు లోపలి రోలర్ల భాగమును, వెలుపలి గిన్నెను రెంటిని మార్చవలెను. లోపలిదానిని నూనెలో వేడిచేసి కడ్డీపైకి జార్పవలెనే గాని మంటలో కాల్చరాదు. కాల్చినచో ఉక్కు పదును పోవును. గిన్నెను ఇత్తడి కడ్డీతో చుట్టును సమముగా తట్టి దింపవలెను. అది అడుగునకు పూర్తిగా ఆనకున్నచో తరువాత తీయు కొలతలన్నియు తప్పగును.

ఇప్పుడు షిమ్ముల పని. ఇవి సాధారణముగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు మొదలు సగము వరకు మందము గలవి. సన్ననిది మన తలవెండ్రుకంత పలుచగా నుండును. ఇట్టి షిమ్ములు మూడుచోట్ల మూడు పనులు చేయును. పినియను వెనుక వేసినవి పినియనును క్రౌను మధ్యమునకు దగ్గరగానో, దూరముగానో నిలుపును. గూటి ఇరుప్రక్కల వేసినవి క్రౌనును పినియనువైపునకో, ఆవలికో జరుపును. ఆ ఇరుప్రక్కలవాని మొత్తము మందమే బేరింగుల బిగువును నిర్ణయించును. ఒకవైపు తీసినంత రెండవవైపు వేసినచో క్రౌను జరుగును గాని బిగువు మారదు. తీయకుండ వేసినచో రెండును మారును. పట్టణములో చెప్పిన రెండు షిమ్ములు ఈ రెండవ జాతివి. కొన్ని ట్రాక్టర్లలో షిమ్ములకు బదులు మరలుగల పెద్ద నట్లుండును, సూత్రము మాత్రమొక్కటే.

బిగువు ఎందుకనగా, పండ్లచక్రములు బరువు లాగునప్పుడు ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనును. బేరింగు వదులుగా నున్నచో చక్రము తన స్థానమునుండి తొలగి, పండ్లు కొసలతో మాత్రమే కరచుకొనును. అతిగా బిగించినచో బేరింగు వేడెక్కి నీలిరంగు తిరిగి చెడును. అందుచేత ఏ బిగువును లేని స్థితినుండి కొలిచి, తయారుచేసినవారి పుస్తకములో చెప్పినంత మాత్రమే ఎక్కించవలెను. పినియను బిగువు చూచుటకు దాని చుట్టు దారము చుట్టి, చివర స్ప్రింగు తక్కెడ తగిలించి లాగుదురు. అది నిదానముగా తిరుగుచుండగా తక్కెడ చూపు అంకెయే కొలత. కదలించు క్షణమున చూపు అంకెను లెక్కింపరాదు.

తరువాత ముద్ర పరీక్ష. క్రౌను పండ్లు కొన్నింటికి నీలిముద్ద పలుచగా పూసి, క్రౌనును కొంచెము అదిమిపట్టి పినియనును త్రిప్పుదురు. పండ్లు ఎచ్చట తాకినవో అచ్చట ముద్ర పడును. ముద్ర పంటి శిఖరమున పడినచో పినియను దూరముగా నున్నట్లు. దానిని లోనికి తేవలెను. పంటి మొదట పడినచో పినియను మితిమీరి లోనికి వచ్చినట్లు, వెనుకకు తీయవలెను. సన్నని లోపలి కొసను పడినచో క్రౌను మితిమీరి దగ్గరగా నున్నట్లు. వెలుపలి లావు కొసను పడినచో దూరముగా నున్నట్లు. మంచి ముద్ర పంటి నడుమ, కొంచెము లోపలి కొసవైపునకు ఉండును. బరువు పడినప్పుడు అది వెలుపలికి విస్తరించును గనుక ఆ కొంత చోటు విడువవలెను. ముందునకు పోవునప్పుడు తాకు ముఖమును, వెనుకకు పోవునప్పుడు తాకు ముఖమును రెంటిని చూడవలెను. చివరకు క్రౌను చుట్టు నాలుగుచోట్ల పండ్ల సందును కొలువవలెను. ఒకచోట వదులు, ఒకచోట బిగువు అయినచో క్రౌను వంకరగా కూర్చున్నదని యర్థము. దాని ఆనుడు ముఖమున మురికియో, గీతయో యుండును.

ఆనాడు క్రొత్త బేరింగులతో, పాత షిమ్ములనే తిరిగి వేసి కొలువగా, సగము మిల్లీమీటరుగా నున్న సందు 0.35 మిల్లీమీటరునకు తగ్గినది. క్రొత్త జతకు పుస్తకమున చెప్పినది సుమారు 0.20. రైతు గోడమీది పలకను చూచి, “ఇంకను మిగిలినది గదా, మరియొక షిమ్ము వేయరాదా?” అనెను. నాకును ఆ సందేహమే కలిగినది. మా మేనల్లుడు క్రౌను పంటిని చూపి, “మామయ్యా, ఈ మెరుపు గుర్తు చూడుము. ఇన్నేండ్లు ఈ పండ్లు ఇచ్చటనే ఒరసికొని ఒకదానికొకటి కుదురుకొన్నవి. ఈ కొంచెము సందు పండ్ల అరుగుదల వలన కలిగినది. దీనిని పూడ్చుటకు క్రౌనును ముందునకు నెట్టినచో, అరిగిన నడిమిభాగము తప్పి, అరుగని అంచులు తగులును. సందు పుస్తకములోని అంకెకు వచ్చును గాని పండు విరుగును. ముద్ర పాత చోటనే పడుచున్నది. ఏచోటను బిగువు లేదు. పాత జతకు పాత స్థానమే మేలు” అని చెప్పెను. ఆ మాట చొప్పున దానిని అట్లే విడిచిరి. పుస్తకములోని కొలత క్రొత్త జతకు వ్రాసినదని తెలిసి, దానిని పాత జతపై బలవంతముగా రుద్దకుండుటలోనే ఆ పనివాని అనుభవము కనబడినది.

మూసివేయుటకు ముందు పెట్టె లోపలి మూలలన్నియు కడిగి, పాత ఉక్కుపొడి మిగులకుండ తుడిచిరి. బోల్టులు టార్కురెంచితో సమముగా బిగించి, వాని తాళపు రేకులు మడచిరి. ఊపిరిగొట్టమును శుభ్రము చేసిరి. అది పూడినచో లోపలి వేడిగాలి సీలులను వెలుపలికి నెట్టును. క్రొత్త నూనె పోసి, మొదటి కొద్ది దినములు తేలిక పని చేయించి, ఆ నూనెను మరల మార్చిరి. పని నాలుగు దినములలో ముగిసినది. రైతు తొలకరిని అందుకొన్నాడు. ఆ ట్రాక్టరు అటుపిమ్మట మూడు పంటలకు దమ్ము చేసినది. వెనుక ఇరుసును మరల విప్పవలసిన పని కలుగలేదు.

కావున పెద్దలకు నా మనవి. మీరు స్పానరు పట్టనక్కరలేదు. మరమ్మతు చేయించునప్పుడు కొన్ని ప్రశ్నలు మాత్రము అడుగుడు. విప్పకముందు ఎక్కడ ఎంత సందున్నదో కొలిచి వ్రాసినారా? అరిగిన భాగమును నా చేతిలో పెట్టి చూపుదురా? పాత షిమ్ములు ఏ ప్రక్కవి ఆ ప్రక్క భద్రపరచినారా? మూయకముందు నీలిముద్రను నాకు చూపుదురా? మంచి పనివాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. తన పని తెలిసి అడుగువాడు దొరికెనని సంతోషించును. నూనె డబ్బా రేకును కత్తిరించి షిమ్ముగా వేయబోవువానిని అచ్చటనే ఆపుడు. అట్టి రేకు బరువునకు నలిగి చినిగి, దాని ముక్కలే పండ్లనడుమ పడును. సందు తగ్గించుటకు ఒక షిమ్ము వేసిన చాలునని చూడకయే చెప్పువానితో, ముందు కొలువుమని చెప్పుడు.

ట్రాక్టరు నడుపు మీ పిల్లలకును కొన్ని మాటలు చెప్పుడు. చక్రము జారినప్పుడు వేగము పెంచరాదు. ఆగి, లాకు తొక్కి, తిన్నగా వెలికి రావలెను. లాకు వేసియుండగా మలుపరాదు. చక్రము గిరగిర తిరుగుచుండగా లాకు తొక్కరాదు. దమ్ము ముగిసిన వెంటనే నూనె రంగు చూడవలెను. పాలవలె నున్నచో వచ్చే పంట వరకు ఆగక సీలులు మార్పవలెను. నూనెయు, సీలులును కలిసినను బేరింగుల ఖరీదులో చిన్న వంతే. ఇట్టి పని శ్రద్ధగా నేర్వదలచిన యువకులు మీ యూర నుండినచో, అనంతపురము జిల్లా గార్లదిన్నెయందలి కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థను గూర్చి వారికి తెలుపుడు. అచ్చట యంత్రములను నడుపుటయు, కాపాడుటయు, బాగుచేయుటయు నేర్పుదురు.

మన పెద్దలు బండి ఇరుసునకు కందెన పెట్టక బయలుదేరెడివారు కారు. ట్రాక్టరు ఇరుసు ఇనుప పెట్టెలో దాగియున్నందున దానిని మనము మరచితిమి. ఈ తొలకరికి ముందే ఒకసారి దాని క్రింది బిరడా విప్పి, నూనెను అరచేతిలో పోసికొని చూడుడని కోరుచు సెలవు గైకొనుచున్నాను.